రంగు నీళ్ళ కాలువ మీద వేలాడిన వంతెన

పోయిన నెల విరుదునగర్‌లో మా అక్క పోయింది. పదహారో రోజు కార్యానికి కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కి పోయినాను. చుట్టాలు తిని, నాలుగు మాటలు మాట్లాడి, ఎవరి బస్సు వాళ్ళు చూసుకున్నాక, అక్క మనవరాలి కూతురు బడి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో ఒక బొమ్మ. ఋషీకేశం దగ్గర గంగ మీద, రెండు ఒడ్లనూ కలిపి వేలాడే వంతెన. లక్ష్మణ ఝూలా అంటారు. కింద అరవంలో నాలుగు వరుసలు, ఎంత పొడుగు, ఎంత ఎత్తు అని. "నీళ్ళలో ఒక్క స్తంభం కూడా లేదే అవ్వా, దీన్ని ఎట్ల కట్టినారు?" అని అడిగింది. ఆ నాలుగు వరుసల్లో అది లేదు. చెప్పేదానికి పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని ఇల్లంతా చూసినాను. ఆ ఇంట్లో నాకంటే పెద్దది గోడ ఒక్కటే.

ఆ వంతెనకు రాళ్ళు మోసిన మనిషి ఒకాయన మాకు తెలుసు. మా అమ్మ తమ్ముడు, కొండయ్య మామ. ఆయన మా చిన్నప్పుడు మాకు చెప్పినట్టే ఆ పిల్లకు చెప్పినాను. చెప్పినదాన్నే ఇక్కడ రాస్తా ఉండాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కోడలు పలక మీద దిద్దిస్తే. పుట్టినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడిన మాటకు ముఖం ఇట్ల ఉంటుందని అప్పుడే చూసినాను. నేను వేగంగా రాయలేను. అందుకని అక్కరలేనిది రాయను.

మా వీధి ఊరి చివర. విరుదునగర్‌ను పెద్దవాళ్ళు అప్పటికీ పాత పేరుతో విరుదుపట్టి అనే అనేవాళ్ళు. ముప్పై ఇళ్ళు, అందరం తెలుగు మాట్లాడే నేతగాళ్ళం. వీధి దాటితే అరవం. గంజి కాగే వాసనతో మెలకువ వచ్చేది. ఎండ ముదరక ముందే, మగ్గానికి ఎక్కించే నిలువు దారాల పడుగులు వీధి పొడుగునా చాచి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వేవాళ్ళు. ఆ తెల్లటి పడుగు కింద దూరి ఈ చివర నుంచి ఆ చివరకు పాకడం మాకు ఆట. వెల్లకిలా పడుకుంటే దారాల గుండా ఆకాశం సన్న సన్న గీతలుగా కనపడేది. మేఘం ఒకటి పోతే, అది మా పడుగులోనే నేసినట్టు ఉండేది. అట్లనే నిద్రపోయి తన్నులు తిన్న రోజులు ఉన్నాయి. బజారు వైపు నుంచి గాలి వీస్తే గోదాముల మిరపకాయ ఘాటు వచ్చి వీధంతా తుమ్మేది. గాలి మళ్ళితే రంగు కాలువ వాసన. వీధి చివర రంగు వేసేవాళ్ళు నూలు జాడించిన నీళ్ళన్నీ ఆ కాలువలో పడి పారేవి. ఒక రోజు ఎరుపు, ఒక రోజు నీలం. నీళ్ళు ఏ రంగూ లేకుండా కూడా పారతాయని నాకు చాలా రోజులు తెలియదు.

మా నాయన మంచి పనివాడు. సడలిన దారం చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. వీధిలో నడిచిపోతా పోతా పక్కింటివాళ్ళ పడుగును కూడా వేలితో మీటేవాడు. మోగితే సరే. మోగకపోతే, "ఇది పడుగా, ఎండేసిన చీరా?" అని అందరికీ వినపడేటట్టు అనేవాడు. మామను మా ఇంట్లోనే పెంచినారు. అమ్మకు తల్లీ తండ్రీ ముందే పోయినారు, తమ్ముణ్ణి చంకన పెట్టుకొని కాపురానికి వచ్చింది. మా అక్క పుట్టినప్పుడే మామకని అనుకున్నారు. ఆడపిల్ల ఉంటే ముందు తల్లి తమ్ముణ్ణి అడగాల, ఆయన వద్దంటేనే బయట చూడాల. మావాళ్ళలో అది కదిలించరాని మాట.

మామ ఇరవై ఏళ్ళప్పుడు ఒక పడుగు చెడగొట్టినాడు. గంజి కుండ పక్కన పెట్టుకొని ఏదో ఆలోచిస్తా నిలబడినాడంట, నూలంతా ఎండి అట్ట కట్టింది. నాయన వీధి మధ్యలో కుంచె కర్రతో కొట్టినాడు. ఆ పొద్దే మామ ఇల్లు వదిలి పోయినాడు. నాలుగేళ్ళు రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. అక్కకు పద్దెనిమిది నిండినాయి, ఆ కాలానికి అది ముదిరిన వయసు. వీధి ఆడవాళ్ళు అమ్మను అడగడం మానేసినారు, అడగడం కంటే అదే ఎక్కువ కుట్టేది. నాయన ఇంక ఆగలేక కోవిల్‌పట్టిలో పత్తి మిల్లులో పనిచేసే ఒక అబ్బాయిని చూసినాడు. ఒక శుక్రవారం వాళ్ళు వచ్చి తాంబూలం మార్చుకోవాల. దానికి పది రోజుల ముందు మామ నడిచి వచ్చినాడు. నల్లగా మాడిపోయి, జుట్టు కురచగా కత్తిరించి ఉండినాడు.

"ఎక్కడుంటివిరా ఇన్నాళ్ళు?" అని నాయన అడిగినాడు.

"గంగ ఒడ్డున బావా. కాశీ యాత్రకు పోయేవాళ్ళ మూటలు మోసుకుంటా పోతిని. ఋషీకేశంలో వంతెన కడతా ఉంటే ఆ పనిలో చేరితిని."

నాయన కండె నుంచి సన్న దారం లాగి మామ అరచేతి మీద అడ్డంగా పెట్టి ఈడ్చినాడు. దారం నాలుగు చోట్ల తగులుకొని తెగింది. నేతగాడి చేయి మెత్తగా ఉండాల, లేకపోతే నూలు పట్టదు. మా వీధిలో చేతికి కాయలు కాసిన మగవాడు ఒక్కడూ లేడు. "ఇది రాళ్ళు కొట్టిన చేయి," అన్నాడు నాయన. "తల కత్తిరింపు చూస్తేనే తెలుస్తుంది. ఏ ఊరి జైల్లో కొట్టినావు?"

"జైలు కాదు బావా, వంతెన."

"ఉప్పు కోసం జైలుకు పోయినవాళ్ళకు దండలు వేస్తా ఉండారు. నీకు దండ వేసేదానికి ఎవరూ రాలేదే."

వీధి కూడా ఆ మాటే పట్టుకుంది. అమ్మ తమ్ముడికి వాకిటి తిన్నె మీదనే సజ్జ కూడు పెట్టింది, నాయన లోపలికి రమ్మనలేదు కాబట్టి. పెట్టి, వాకిలి చాటున నిలబడి కళ్ళు తుడుచుకొనింది.

మధ్యాహ్నం మగ్గాలు ఆగే వేళ మామ తిన్నె మీద కూర్చుంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. ఆయన మాటలు నిదానం. మధ్యలో ఆగి ఎక్కడో చూస్తా ఉండేవాడు, ఆ చూపు వెంబడి మేమూ ఎక్కడికో పోయేవాళ్ళం. గంగ ఆకుపచ్చగా ఉంటుందన్నాడు. "రంగు వేసినారా?" అని నేను అడిగినాను. "లేదే, దానంతట అదే," అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"స్తంభాలు నీళ్ళలో ఎందుకు పెట్టలేదు మామా?"

"వానాకాలంలో గంగ ఇంటింత రాళ్ళు దొర్లించుకొని వస్తుంది. స్తంభం పెడితే వేరుశెనగ ఉండను నలిపినట్టు నలిపేస్తుంది. ఎప్పుడో జనుప తాడుకు బుట్ట కట్టి, బుట్టలో మనిషిని కూర్చోబెట్టి లాగేవాళ్ళంట. తరువాత ఇనుప తాడు వంతెన కట్టినారు. వరద వచ్చి దాన్ని ఎత్తుకొని పోయింది. అందుకని ఇప్పుడు ఇంకా ఎత్తులో."

"మరి దారి దేని మీద నిలబడుతుంది?"

"నిలబడదు. వేలాడుతుంది."

"దేనికి? ఆకాశానికా?"

"ఆకాశానికి కొక్కెం ఎవరు కొడతారే? తాడుకు."

అందరి చేతికీ ఒక్కొక్క దారం ఇచ్చి తెంపమన్నాడు. తెంపినాం. అట్లాంటి దారాలు నలభై కలిపి పురి పెట్టి ఇచ్చినాడు. ఇద్దరేసి లాగినా తెగలేదు. "ఇనుపదీ ఇంతే. సన్న తీగలు. వాటికి పురి, ఆ పురులన్నిటికీ కలిపి మళ్ళీ పురి. నేతగాడి బిడ్డలకు ఇంతకంటే ఏమి చెప్పాల?"

అంత బరువు తాడు గంగ ఎట్ల దాటిందని అడిగితే నవ్వినాడు. మగ్గం మీద పడుగు అయిపోతే ఏమి చేస్తాం? పాత దారాల కొసలకు కొత్త పడుగు దారాలు అతికి లాగుతాం, పాతది కొత్తదాన్ని లోపలికి తెస్తుంది. అట్లనే, నీళ్ళు తగ్గిన నెలలో ఒక సన్న తాడు కొసను పడవలో అటు ఒడ్డుకు తీసుకుపోయినారు. సన్న తాడు వెనక లావు తాడు, దాని వెనక ఇంకా లావుది, చివరికి ఇనుప తాడు. "మేమందరం వరుసగా నిలబడి లాగినాం. చేతి తోలు తాడుకే అంటుకొని పోయింది," అని అరచేయి చూపించినాడు.

తాడును ఒడ్డున ఉన్న ఎత్తు స్తంభాల నెత్తి మీదుగా తీసుకుపోయి వెనకవైపు దించుతారు. అక్కడ కొండలో గుంట తొలిచి, తాడు కొస దాంట్లో పెట్టి, రాళ్ళూ గచ్చూ పోసి పూడుస్తారు. స్తంభం మోస్తుంది, గుంట పట్టుకుంటుంది. రెండూ ఒకటే చేయకూడదు. తాడు నుంచి ఇనుప కమ్ములు వేలాడదీస్తారు, స్తంభాల దగ్గర పొడుగువి, నడిమికి పోయేకొద్దీ పొట్టివి. వాటి అడుగున దారి. రెండు ఒడ్ల నుంచీ సమంగా పలకలు వేసుకుంటా వచ్చి నడుమ కలుస్తారు.

"తాడును మాత్రం బిగించకూడదు," అన్నాడు మామ. నా చేతికి ఒక కొస, పక్కింటి పిల్ల చేతికి ఒక కొస ఇచ్చి నడుమ నీళ్ళ చెంబు వేలాడదీసినాడు. "వంపు లేకుండా లాగండి చూద్దాం." లాగినాం. ఎంత లాగినా చెంబు దగ్గర వంపు పోలేదు, మా కాళ్ళే జారి ఒకరి మీద ఒకరం పడినాం. "ఇప్పుడు వదులు చేయండి." చెంబు కిందికి దిగింది, చేతులు తేలికైనాయి. అందరం నవ్వినాం. లోపల నాయన మగ్గం చప్పుడు ఆగి ఉంది. విన్నాడో లేదో తెలియదు.

అక్క అన్నీ విన్నది, వంటింటి గోడకు చెవి పెట్టి. తనను ఇవ్వాలనుకున్న మనిషి ముందుకు రాకూడదని ఆయన వచ్చినప్పటి నుంచి బయట కాలు పెట్టలేదు. నా జడ వేస్తా వేస్తా గట్టిగా ఒకసారి గుంజి, "చెప్పింది చాలంట, కట్టి చూపించమని చెప్పు మీ మామకు," అన్నది. చెప్పినాను. మామ లేచి నేరుగా నాయన దగ్గరికి పోయినాడు. రంగు కాలువ మీద అట్లాంటిదే కడతాను, నిలిస్తే నా మాట నమ్ముతావా అని అడిగినాడు.

నాయన పడుగులో అటూ ఇటూ విసిరే నాడె చేతిలో పట్టుకొనే ఆలోచించినాడు. "నిలిస్తే నువ్వు జైలు మనిషివి కాదు, నా అత్త కొడుకువే. పిల్లను అడిగే హక్కు నీకే ఉంటుంది, కోవిల్‌పట్టికి నేనే చెప్పుకుంటాను. కానీ నువ్వు దాటితే ఒప్పుకోను, గంగలో ఈత నేర్చినవాడివి. నీది కాని ప్రాణం ఒకటి దాటాల. శుక్రవారం లోపల. లేకపోతే వచ్చిన దారినే పో."

కాలువ నాలుగు బారల వెడల్పు, నడుమ మా పీకల లోతు. ఒడ్డుకు రెండేసి తాటి మొద్దులు పాతినాడు మామ. పలకలకు విరిగిన మగ్గం చెక్కలు. తాళ్ళు మాత్రం మా ఇంటి వెనక గదిలోనే పుట్టినాయి. తెగిన నూలు ముక్కలు మావాళ్ళలో ఆడవాళ్ళవి, మగవాళ్ళు అడగరు. అక్క ఏళ్ళ తరబడి కూడబెట్టిన ముక్కలన్నీ తీసి, పగలంతా తొడ మీద పురి పెట్టింది. నేనూ అమ్మా కొసలు పట్టుకొని తిప్పినాం. అన్ని రంగులూ ఉండినాయి ఆ తాళ్ళలో. అమ్మ అన్నం మాడిపోయినా లేవలేదు.

బుధవారానికి తాళ్ళు మొద్దుల నెత్తి మీదుగా పోయి, వెనక మేకులకు కట్టుకొని, నడుమ అందంగా వంగినాయి. చూసేదానికి వీధంతా వచ్చింది. నాయన కూడా వచ్చినాడు. వచ్చి, వేలితో తాడును మీటినాడు. అది మోగలేదు. ఊగింది. ఎవరో వెనక నుంచి, "ఎండేసిన చీరా అయ్యా?" అన్నారు. ఇన్నేళ్ళు ఆయన అన్న మాటే. నాయన ముఖం ఎర్రబడింది.

"మా ఇంటి తాడు ఇట్ల ఉంటే నేను వీధిలో తిరిగేది ఎట్ల?" అని వెనక కట్లు విప్పేసినాడు.

"బావా, అది వంగే ఉండాల."

"తాడు బిగించేది నువ్వు నాకు నేర్పిస్తావా? నువ్వు పుట్టక ముందు నుంచి బిగిస్తా ఉండాను."

నేతగాళ్ళు నలుగురు చేయి వేసినారు. పడుగును లాగినట్టే, తాళ్ళను మొద్దుల నెత్తికే కట్టి, కర్ర దూర్చి మెలితిప్పి, మీటితే మోగేదాకా బిగించినారు. అందులో చెడుబుద్ధి ఏమీ లేదు. వాళ్ళ చేతులకు తెలిసింది అదే. పైపెచ్చు మంచి పని చేసినామనుకున్నారు. తరువాత పక్కింటి మేకను ఎక్కించినారు. మేక నడిమికి పోయింది, తాడు కిర్రుమంది, ఇటు ఒడ్డు మొద్దులు రెండూ తల ఊపినట్టు కాలువ వైపు వాలి పడిపోయినాయి. ఆ రోజు కాలువ ఎర్రది. మేక నెల రోజులు కుంకుమ రంగులో తిరిగింది.

వీధి కడుపు పట్టుకొని నవ్వింది, మామను చూసి. ఆయన నీళ్ళలో దిగి మేకను ఎత్తుకొచ్చి దాని యజమానికి ఇచ్చినాడు. బిగించింది బావ అని ఒక్క మాట అనలేదు. నేనన్నాను. "బిగించింది నువ్వే కదా నాయనా?" అమ్మ నా నోటి మీద ఒకటి ఇచ్చింది. కానీ నాయన విన్నాడు. నేరుగా ఇంటికి పోయినాడు.

వెనక గదిలో అక్క, "గురువారం ఒకటి ఉంది కదా అని చెప్పు," అన్నది. ఏడవలేదు.

గురువారం పొద్దున మామ ఒక్కడే మళ్ళీ మొద్దులు పాతినాడు. ఈసారి వెనక లోతుగా గుంటలు తీసి, తాళ్ళ కొసలు బండలకు చుట్టి పూడ్చినాడు. ఎవరూ చేయి వేయలేదు, ఎవరూ వద్దనలేదు. నాయన ఇంట్లో, కాళ్ళు దింపుకొని నేసే మగ్గం గుంటలోనే కూర్చున్నాడు. నాడె చప్పుడు కాలువ దాకా వినపడేది. ఎప్పుడూ గడియారం మాదిరి పడే ఆ దెబ్బ ఆ రోజు ఒకటి వేగంగా ఒకటి నిదానంగా పడతా ఉండింది. పొద్దు వాలే వేళకు చివరి పలక వేసి, మామ అటు ఒడ్డున నిలబడినాడు. ఇటు ఒడ్డున వీధి నిలబడింది. మేక దరిదాపులకు రాలేదు. తల్లులు పిల్లలను కొంగు కింద పట్టుకున్నారు. నేను ఎక్కబోతే అమ్మ జడ పట్టుకొని ఆపింది. ఎండ కాలువ మీద పడి, రంగుల తాళ్ళ నీడ నీళ్ళలో వంకరగా కదిలింది. గాలి లేకపోయినా వంతెన తనంతట తాను కొంచెం ఊగతా ఉండింది, ఊపిరి తీసినట్టు. అది ఎంతసేపో నాకు తెలియదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అది ఊగతానే ఉంటుంది.

జనం పక్కకు తప్పుకున్నారు. అక్క వచ్చింది. పది రోజులుగా వాకిలి దాటని మనిషి, తలకు నూనె కూడా లేకుండా, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని, ఎవరినీ చూడకుండా నేరుగా పలక మీద కాలు పెట్టింది. "ఒసే, ఆగు," అన్నది అమ్మ. నాడె చప్పుడు ఆగింది. అక్క రెండు అడుగులు వేసింది, తాడు వంగింది. నడిమికి పోయేసరికి దారి కిందికి దిగింది, పక్కకు ఊగింది. అక్క ఆగింది. తల ఎత్తి అటు ఒడ్డు చూసింది. మళ్ళీ నడిచింది. దాటింది.

నాయన గంజి చేతులతోనే వచ్చినాడు. పాతిన చోటు తొక్కి చూసినాడు, మొద్దును తట్టినాడు, తాడును వేలితో మీటినాడు.

"మోగదు," అన్నాడు.

"మోగదు బావా," అన్నాడు మామ అటు నుంచి.

నాయన కాసేపు ఆ వంపును కంటితో కొలిచినాడు. "నిన్న చెప్పినావు. నేనే వినలేదు," అన్నాడు, వీధంతా వింటా ఉండగా. ఆ మాట అనేదానికి ఆయనకు ఎంత కష్టమో మాకే తెలుసు. తరువాత అమ్మ వైపు తిరిగి, "నీ తమ్ముడికి లోపల ఆకు వెయ్యి," అన్నాడు.

కోవిల్‌పట్టివాళ్ళకు తానే ఎదురుపోయి, ఊరి బయటనే చెప్పి వచ్చినాడు. వాళ్ళు తిట్టిన తిట్లన్నీ తల వంచుకొని విన్నాడంట. న్యాయమే, తిట్టాల్సిందే. అక్కకూ మామకూ ఆ నెలలోనే పెళ్ళి. మామ మళ్ళీ మగ్గం గుంటలో దిగినాడు. ఆయన చేతికి దారం తగలకుండా పోయేదానికి రెండేళ్ళు పట్టింది. అంతదాకా అక్కే ఆయన అరచేతులకు ఆముదం రుద్దేది. నలుగురు బిడ్డలు, కావలసినన్ని జగడాలు. పాటలు కట్టేటంత కాపురం కాదు. కానీ అలిగి పోయిన మనిషి మళ్ళీ పోలేదు.

ఇప్పుడు ఆ కాలువ మీద సిమెంటు బిళ్ళలు పరిచినారు. పైన బండ్లు నిలుపుతారు, కింద ఏ రంగు పారుతుందో ఎవరికీ తెలియదు. పడుగులు మిల్లులోనే చుట్టుకొని వస్తాయి, వీధిలో చాచేవాళ్ళు లేరు, కిందికి దూరి పడుకునే పిల్లలూ లేరు. చప్పుడు మాత్రం పది రెట్లు. ఆ రోజులు మంచివని నేననను. తన్నులూ ఆకలీ అన్నీ ఉండినాయి, అక్కను ఒక్కరు కూడా నీకు ఎవరు కావాలే అని అడగలేదు. ఈ పిల్లను అడుగుతారు. అడగాల్సిందే. కానీ అడగకుండా ఉన్నప్పుడు ఒక ఆడపిల్ల జవాబు ఎట్ల చెప్పిందో నేను చూసినాను, అది ఈ పిల్లకు తెలియాలనే ఇంత రాసినాను.

మామ పోయిన తరువాత ఒకసారి అక్కను అడిగినాను, నడుమ ఎందుకు ఆగినావు, భయం వేసిందా అని. అక్క అప్పుడు కందులు చెరుగుతా ఉండింది.

"నాకు కాదే, ఆయనకు," అన్నది. "తల ఎత్తితే ఆయన ముఖం కనపడింది. బూడిద పూసినట్టు ఉండింది. పెళ్ళయినాక చెప్పినాడు. అక్కడ గంగ మీద తాళ్ళు లాగడం అయిన నెలలోనే మన వైపు యాత్రికుడు ఒకడు, మీ అక్క కూతురికి సంబంధాలు చూస్తా ఉండారు అన్నాడంట. ఆ పూటే మూట కట్టుకున్నాడు. పలకలు వేసేది ఆయన చూడలేదు, మేస్త్రీ నోట విన్నదే. దాని మీద మనిషి నడిచేది అసలు చూడలేదు. నిలుస్తుందో లేదో ఆయనకే తెలియదు."

"తెలిసుంటే ఎక్కేదానివా?"

అక్క చేట ఆపి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆ ముఖం చూసినప్పుడే తెలిసింది. అప్పటికి సగమే అయింది కదా, మిగతా సగం తెలిసే నడిచినాను."